మందు ఇచ్చామా? మేలు జరిగిందా?

(నాంపల్లిలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్ఫై నాలుగేండ్లు సర్కారు దవాఖానాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. జనం నన్ను కాంపౌండర్ సాబ్ అనే పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. చీటీ చూసి మందు ఇవ్వడం, ఇచ్చినది రిజిస్టరులో రాయడం, ఇంతే నా విద్య. అయితే ముప్ఫై నాలుగేండ్లు రిజిస్టర్లు రాసినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. యెంత మందు బయటికి పోయిందో ఆ రిజిస్టరు చెబుతుంది. ఆ మందు వల్ల యెవరికి మేలు జరిగిందో మాత్రం చెప్పదు. ఈ రోజు నేను మనవి చేయదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

ముందుగా మన ఇంటి తప్పు చెప్పి, తర్వాత లోకం సంగతికి వెళతాను.

కొన్నేండ్ల కిందట మన సంఘం యేటా పెట్టే ఉచిత వైద్య శిబిరానికి ఒక దర్జీ వచ్చాడు. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో కుట్టుమిషను పెట్టుకున్నవాడు. నలభై అయిదేండ్ల మనిషి. బి.పి. చూస్తే 190 మీద 110 వున్నది. "తలనొప్పి వుందా మియా?" అంటే లేదన్నాడు. పది రోజుల గోలీలు ఇచ్చాం. ఉప్పు తగ్గించమన్నాం, డాక్టరుకు చూపించుకోమన్నాం. ఒక టానిక్కు సీసా కూడా చేతిలో పెట్టి పంపాం. రిజిస్టరులో ఆ పేరు రాసింది నేనే.

మరుసటి సంవత్సరం శిబిరానికి అతని భార్య వచ్చింది. "భాయ్‌సాబ్, ఒక చక్రాల కుర్చీ ఇప్పిస్తారా?" అని అడిగింది. గోలీలు అయిపోయాక మళ్ళీ కొనలేదట. నొప్పి లేదు గనుక బాగయిందనే అనుకున్నాడట. ఒకరోజు ఫజర్ వేళకు లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కత్తెర పట్టే చెయ్యి అది.

కుర్చీ ఇప్పించాం. ఆ యేటి మన నివేదికలో "బీద వికలాంగునికి చక్రాల కుర్చీ పంపిణీ" అని అచ్చు వేసుకున్నాం. ఫోటో కూడా వేశాం. అందరం చప్పట్లు కొట్టాం. అంతకు ముందు యేడు రిజిస్టరులో అదే మనిషి పేరు వున్నదని ఆ రోజు నేను చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను. మనం చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. కాని మంచి ఉద్దేశం రక్తపు పోటును తగ్గించదు.

రుజువు మీద నడిచే వైద్యం

వైద్యంలో మంచి ఉద్దేశం వేరు, మేలు వేరు. ఈ రెండింటి మధ్య వున్న దూరాన్ని కొలవాలనే పట్టుదల నుంచే ఒక పద్ధతి పుట్టింది. 1991లో కెనడా దేశంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్డన్ గయాట్ దానికొక పేరు పెట్టారు. మన మాటలో చెప్పుకుంటే అది రుజువు మీద నడిచే వైద్యం. పెద్ద డాక్టరు చెప్పాడనో, మా తాత కాలం నుంచీ ఇస్తున్నారనో, కంపెనీవాడు పొగిడాడనో కాకుండా, ఇచ్చినవారిని ఇవ్వనివారిని పోల్చి లెక్క తీసి, మేలు కనబడిన పనినే చేయడం.

కొందరు దీనిని విని, "అయితే డాక్టరు బుద్ధికి పని లేదా? పుస్తకం చూసి మందు రాస్తే సరిపోతుందా?" అంటారు. అలా కాదు. 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు దీనిని వివరించారు. దొరికిన వాటిలో మేలైన రుజువు, వైద్యుడి అనుభవం, రోగి యొక్క ఇష్టం, ఈ మూడూ కలవాలి. పొయ్యికి మూడు రాళ్ళు వున్నట్టు. ఒక రాయి తీసేస్తే కుండ ఒరిగిపోతుంది. నా దర్జీ విషయంలో మొదటి రాయి వున్నది. బి.పి. గోలీ పనిచేస్తుందన్న రుజువు లోకానికి యెప్పుడో తెలుసు. ఆ గోలీ రోజూ, యేండ్ల తరబడి మింగాలన్న మాట అతని మనసుకు యెక్కలేదు. యెక్కించవలసిన మనం యెక్కించలేదు.

మన హైదరాబాదు పరీక్ష

ఇదంతా ఫారిన్ వారి మాట, మనకెందుకు అని యెవరూ అనుకోరాదు. ఒక వైద్యపు ప్రశ్నకు లెక్క తీసి జవాబు వెతకడానికి ఖజానా తెరిచిన ఊరు మనది.

ఈ ఆబిడ్స్ చౌరస్తా నుంచి కోఠీకి నడిచి పోతే పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం వస్తుంది. ఇంకా ముందుకు పోతే మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్. పందొమ్మిదో శతాబ్దం చివరలో రెసిడెన్సీ సర్జనుగా, హైదరాబాదు మెడికల్ స్కూలు పెద్దగా ఎడ్వర్డ్ లారీ అనే ఆయన వుండేవారు. 1846లో మొదలయిన ఆ స్కూలులో తొలి రోజులలో పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. మత్తుమందు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలి మహిళా వైద్యుల్లో ఒకరుగా పేరు పొందిన రూపాబాయి ఫర్దూన్జీ అక్కడ చదువుకున్నవారే.

ఆనాటి పెద్ద మత్తుమందు క్లోరోఫారం. 1847లో వాడకంలోకి వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద కేకలు ఆగిపోయాయి. కాని 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల పిల్ల, కాలి గోరు తీయించుకోవడానికి వచ్చి, క్లోరోఫారం వాసన చూపిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. తర్వాత ఇలాంటి చావులు ఇంకా జరిగాయి. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? లోకమంతా తగవు పడింది. ఊపిరి చూసుకుంటే చాలు, నాడి పట్టుకోనక్కర లేదని లారీగారి పక్షం.

ఆయన 1888లో ఇక్కడే ఒక కమిషను పెట్టి జంతువుల మీద పరీక్షలు చేయించారు. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, మీ కళ్ళ ముందే చేస్తామని ఆ పత్రికను పిలిపించారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాదు వచ్చారు. వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ముందు ఆగేది ఊపిరేనని రెండవ కమిషను కూడా తేల్చింది. మన ఊరి పేరు ప్రపంచమంతటా వైద్య పత్రికలకు యెక్కింది.

ఇంతవరకు చెప్పి ఆపితే మనకు గర్వంగా వుంటుంది. కాని కథ అక్కడ ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన వేరే సంగతి చూపించారు. క్లోరోఫారం ఎక్కువయినప్పుడు కాదు, మత్తు ఇంకా తేలికగా వున్నప్పుడే గుండె హఠాత్తుగా తాళం తప్పి అదిరి ఆగిపోవచ్చునని. హానా వంటి వారి చావులకు అది సరిపోయింది. మన కమిషను లెక్కలో మోసం లేదు. అయితే లెక్క వేసిన చోటు వేరు, మనుషులు చచ్చిపోతున్న చోటు వేరు. గాఢమైన మత్తులో వున్న జంతువును చూసి, భయంతో బల్ల యెక్కి అప్పుడే మత్తు పీలుస్తున్న మనిషి సంగతి తేల్చారు.

నేను ఈ కథ నుంచి రెండు మాటలు తీసుకున్నాను. ఒకటి, యెదిరించినవాణ్ణి ఖర్చు పెట్టి మరీ పిలిచి, నువ్వే వచ్చి చూడమనడం పెద్దమనసు. అది మన ఊరు చేసింది. రెండోది, ఒకసారి రుజువయింది గనుక తలుపు మూసేయరాదు. కొత్త లెక్క వస్తే పాత మాట మార్చుకోవాలి. మార్చుకోలేనివాడి దగ్గర వుండేది రుజువు కాదు, పంతం.

చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర

గొప్ప రుజువుకు గొప్ప యంత్రం అక్కరలేదని చెప్పడానికి ఇంకొక కథ. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బొంగావ్ శిబిరంలో కలరా వచ్చింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అక్కడ పనిచేస్తున్నారు. నరానికి యెక్కించే సెలైను సీసాలు అయిపోతున్నాయి. నేల మీద పడుకున్న రోగుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని సూది గుచ్చవలసిన పరిస్థితి. ఆయన ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కొలిచి పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి తాగించమని తల్లులకే, బంధువులకే అప్పగించారు. అంతకు ముందు నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట, ఈ నీళ్ళు తాగినవారిలో చావులు నూటికి నాలుగు లోపుకు దిగాయి. 1978లో లాన్సెట్ పత్రిక, ఈ శతాబ్దపు వైద్యంలో ఇదే అతి ముఖ్యమైన ముందడుగు కావచ్చునని రాసింది. 2022లో ఆయన కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అమ్మల్లారా, ఈ పొట్లం ధర మీకు తెలుసు. ఇప్పటికీ మన బస్తీల్లో బిడ్డకు విరేచనాలు అయితే ముందు అడిగేది యేమిటి? "ఒక సూది వేయండి డాక్టర్ సాబ్" అని. లేదా తాగుడు మాన్పించడం. నీళ్ళు ఇస్తే విరేచనాలు ఎక్కువవుతాయని పెద్దవాళ్ళు భయపెడతారు. అసలు ప్రాణం తీసేది నీరు పోవడం. ఓ.ఆర్.ఎస్. పొట్లం, తల్లిపాలు, మామూలు తిండి, వాటితో పాటు పద్నాలుగు రోజుల జింకు గోలీలు. రుజువు వున్న వైద్యం ఇది. మామూలు నీళ్ళ విరేచనాలకు యాంటీబయాటిక్కు అక్కరలేదు. రక్తం పడినా, బిడ్డ కళ్ళు లోతుకు పోయి మత్తుగా పడివున్నా, తాగలేకపోయినా ఆలస్యం చేయక దవాఖానాకు తీసుకుపోవాలి.

ఇంకొక మోసం సంగతి. పండ్ల రసం వంటి తీపి డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అని అచ్చు వేసి మందుల షాపుల్లోనే అమ్మేవారు. వాటిలో చక్కెర అవసరానికి మించి వుండేది. చక్కెర మితిమీరితే విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు దీని మీద యేండ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళు లేని డబ్బాల మీద ఆ పేరు వేయరాదని ఆదేశించింది. రుజువు వున్న మందును నిలబెట్టడం యెంత ముఖ్యమో, దాని పేరు దొంగిలించినవారిని అడ్డుకోవడం అంతే ముఖ్యమని ఆమె చూపారు.

కాన్పు గది సంగతి

ఇప్పుడు చెప్పబోయేది ఆడపడుచులకు సంబంధించినది, మగవారు ఇంకా శ్రద్ధగా వినాలి. ఆస్పత్రిలో కాగితం మీద సంతకం పెట్టేది తరచు మనమే గనుక.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషనుతో జరిగాయి. దేశంలోకెల్లా ఇదే ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి ఎనభై దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట యేమంటే, ఒక జనాభాలో ఆపరేషన్లు నూటికి పది దాటిన తర్వాత, ఇంకా పెంచినందువల్ల తల్లీబిడ్డల చావులు తగ్గుతున్న జాడ లేదని.

దయచేసి తప్పుగా అర్థం చేసుకోకండి. అవసరమయిన చోట ఆ ఆపరేషను ప్రాణదానం. ఆపరేషను అయిన తల్లిని వేలెత్తి చూపేవాడు మూర్ఖుడు. నేను అడిగేది, అవసరం లేని చోట యెందుకని. ముహూర్తం కోసమని కొందరు, నొప్పులు పడలేదని కొందరు, టైము కలిసివస్తుందని కొందరు. దాని ఖర్చు యెవరు మోస్తారు? గిరవికి పోయిన గాజులు మోస్తాయి. తర్వాతి కాన్పులో ఆ తల్లి శరీరం మోస్తుంది.

దీనికి జవాబు కూడా మన పక్కనే మొదలయింది. ఆబిడ్స్ పక్కన బొగ్గులకుంటలో 1948లో రెండు మంచాలతో ఒక ప్రసూతి ఆస్పత్రి పెట్టారు. అదే నేటి ఫెర్నాండెజ్ ఆస్పత్రి. అక్కడి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్‌గారు 2011లో మిడ్‌వైఫులకు వృత్తి శిక్షణ మొదలుపెట్టారు. మన పాత దాయీలు వేరు, వీరు వేరు. వీరు నర్సింగ్ చదివి, ఆ పైన కాన్పు విద్య నేర్చినవారు. మామూలు కాన్పు నడిపిస్తారు, తేడా వస్తే వెంటనే డాక్టరును పిలుస్తారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ఆ సంస్థ కలిసి కరీంనగరులో సర్కారు నర్సులకు ఈ శిక్షణ ప్రారంభించాయి. 2018 చివరలో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇది మోజు మీద చేసిన పని కాదు. వేరు వేరు దేశాల్లో వేలాది గర్భిణులను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా చేసి పోల్చారు. గర్భం నుంచి కాన్పు దాకా తెలిసిన మిడ్‌వైఫు చూసిన తల్లులకు కోతలు, పట్టకార్లు పెట్టి లాగడాలు తగ్గాయి, తల్లికి బిడ్డకు హాని పెరగలేదు. ఇలాగే పోల్చి చూసిన ఇంకొక సంగతి వున్నది. నొప్పుల వేళ పక్కన మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి తోడు వుంటే సహజ కాన్పులు పెరుగుతాయి, ఆపరేషన్లు తగ్గుతాయి. తల్లో, ఖాలానో, వదినో, చెయ్యి పట్టుకుని కూర్చుంటే చాలు. పైసా ఖర్చు లేదు. రుజువు వున్న ఈ మందును మనం గేటు బయట వరండాలో కూర్చోబెడుతున్నాం!

రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ దవాఖానా గేటు ముందు చాపలు పరుచుకుని కూర్చున్న అమ్మమ్మలను మీరంతా చూసినవారే. తల్లుల కోసం, బిడ్డల కోసం 1953లో మొదలయిన దవాఖానా అది. ఆ అమ్మమ్మల చేతిలో యెంత బలం వున్నదో లెక్కలు చెబుతున్నాయి. లోపలికి రానివ్వమని మర్యాదగా అడగడం మన బాధ్యత.

నాలుగు గమ్యాలు

ఆరోగ్య వ్యవస్థ బాగుపడిందని యెలా చెప్పాలి? అమెరికాలో డొనాల్డ్ బెర్విక్, ఆయన సహచరులు 2008లో మూడు గమ్యాలు చెప్పారు. జనం మొత్తం ఆరోగ్యం మెరుగుపడాలి. దవాఖానాకు వెళ్ళిన మనిషికి మంచి అనుభవం కలగాలి. తలసరి ఖర్చు తగ్గాలి. 2014లో ఇంకొందరు నాలుగోది చేర్చారు, సేవ చేసేవారు అలిసి విరిగిపోకుండా వుండాలని. ముప్ఫై నాలుగేండ్లు కిటికీ దగ్గర నిలబడినవాణ్ణి గనుక నాలుగోది నాకు మరీ నచ్చింది.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయని మనం అనుకుంటాం. ఖర్చు తగ్గిస్తే వైద్యం తగ్గుతుందని మన భయం. కాని నేను చెప్పిన వాటిని చూడండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం ప్రాణం కాపాడింది, సెలైను ఖర్చు తప్పించింది, బిడ్డను తల్లి ఒడిలోనే వుంచింది, నర్సుకు ఇంకొక బిడ్డను చూసే తీరిక ఇచ్చింది. ఒకే దెబ్బకు నాలుగూ. రుజువు లేని పని ఇందుకు తలకిందులు. డబ్బు పోతుంది, తీరిక పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు.

అయితే తెలియడం వేరు, చేయడం వేరు. 1972లో న్యూజీలాండులో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు, నెలలు నిండకుండా కాన్పు అయ్యే తల్లికి ముందుగా ఒక చౌక సూది మందు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు నిలబడతాయని చూపించారు. అది అంతటా వాడకంలోకి రావడానికి ఇరవై యేండ్లు పట్టింది. ఈలోపు పోయిన పసిప్రాణాలకు రోగం ఒక్కటే కారణం కాదు. తెలిసిన సంగతి అలమారలో పడి వుండడం కూడా కారణమే.

ఈ దూరం దాటించే పనికి మన రాష్ట్రంలోనే ఒక నమూనా వున్నది. 2017 చివరలో దేశంలో రక్తపు పోటు అదుపు కోసం ఒక కార్యక్రమం మొదలయింది. మొదట పంజాబు, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలతో పాటు తెలంగాణలోని కొన్ని జిల్లాల్లో, మొత్తం ఇరవై అయిదు జిల్లాల్లో ప్రారంభించారు. అందులో వింత మందు యేదీ లేదు. అయిదే పనులు. అందరు డాక్టర్లకూ ఒకే తేలిక పద్ధతి, యే గోలీతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే తర్వాత యేది అని. ఆ గోలీలు యెప్పుడూ స్టాకు వుండడం. డాక్టరు ఒక్కడే కాక నర్సు, ఆరోగ్య కార్యకర్త కలిసి చూడడం. రోగి ఇంటికి దగ్గరలోనే మందు దొరకడం. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి మనిషికి ఒక కార్డు. మళ్ళీ వచ్చాడా? బి.పి. 140/90 లోపుకు వచ్చిందా? రాకపోతే ఫోను చేసి పిలవడం.

సభికులారా, నా దర్జీకి కావలసింది ఆ ఫోను ఒక్కటే. 2018 నుంచి మన నగరంలో బస్తీ దవాఖానాలు తెరిచారు. మందు ఉచితం. అతనికి అక్కడికి దారి చూపేవారు, రాలేదేమని అడిగేవారు లేకపోయారు.

మనం చేయవలసినది

కమిటీ ముందు, మీ అందరి ముందు నాలుగు మనవులు వుంచుతున్నాను.

మొదటిది. యేడాదికి ఒక్కరోజు షామియానా వేసి వెయ్యి మందికి టానిక్కులు పంచే శిబిరం మానేద్దాం. ఆ డబ్బుతోనే ప్రతి నెల మొదటి ఆదివారం మన ఆఫీసు గదిలో బి.పి., షుగరు చూద్దాం. కొద్దిమందినే తీసుకుందాం, వారిని వదలకుండా పట్టుకుందాం. ఒక పుస్తకం పెడదాం, మనిషికొక పేజీ. వచ్చాడా, అదుపులో వుందా, ఈ రెండు గడులు చాలు. రానివారికి మన పిల్లలు ఫోను చేస్తారు. మందు రాయడం డాక్టరు పని, మందు ఇవ్వడం బస్తీ దవాఖానా పని, దారి తప్పకుండా చూడడం మన పని. బి.పి. చూసేటప్పుడు కూడా క్యూలో నిలబెట్టి తోసుకుంటూ చూడవద్దు. మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద ఆనించి చూద్దాం.

రెండోది. వానలు పడక ముందే మన బస్తీల్లో ఇంటింటికీ రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇద్దాం. ఇచ్చి రావడం కాదు, లీటరు నీళ్ళకు పొట్లం మొత్తం యెలా కలపాలో తల్లి చేతనే కలిపించి రావాలి.

మూడోది. గర్భిణి వున్న ఇంటికి మన మహిళా విభాగం వెళ్ళి మూడు ప్రశ్నలు నేర్పాలి. ఆపరేషను యెందుకు కావాలి? ఆగితే యేమవుతుంది? వేరే దారి వున్నదా? వీటిని గౌరవంగా అడగాలి. మంచి డాక్టరు వీటికి నొచ్చుకోడు. అయితే డాక్టరు ఇది ప్రాణాపాయం అని చెప్పిన క్షణంలో వాదన పెట్టుకోరాదు.

నాలుగోది అందరికీ కష్టమయినది. వచ్చే యేటి సావనీరులో మన నివేదిక రాసేటప్పుడు పంచిన సీసాల లెక్క వేయవద్దు. పుస్తకంలో యెందరు చేరారు, యెందరి బి.పి. అదుపులోకి వచ్చింది, యెందరిని పోగొట్టుకున్నాం, ఈ మూడూ అచ్చు వేద్దాం. అంకె చిన్నదయినా సరే. సిగ్గుపడదగ్గది అయినా సరే.

ఒక పెద్దమనిషి నన్ను నిన్న అడిగారు: "కాంపౌండర్ సాబ్, శిబిరం లేకపోతే ఫోటో వుండదు. ఫోటో లేకపోతే దాతలు యెలా ఇస్తారు?" న్యాయమైన ప్రశ్నే. ఈ సభలో దాతలు వున్నారు గనుక వారినే అడుగుతున్నాను. మీరిచ్చిన సొమ్ము మా దగ్గర అమానత్. దానిని ఫోటోగా తిరిగి ఇమ్మంటారా, ఒక మనిషి కుడి చెయ్యిగా ఇమ్మంటారా?

ఆ దర్జీ ఇప్పుడు కొట్టు గుమ్మంలో మనమిచ్చిన కుర్చీలోనే కూర్చుని వుంటాడు. మిషను మీద కొడుకు కుడుతున్నాడు. పదో తరగతితో చదువు మానేశాడు. తండ్రి ఎడమ చేత్తో గుండీలు వేరు చేసి ఇస్తాడు. నేను ఆ దారిన పోతే నవ్వుతూ సలాం చేస్తాడు. నామీద కోపం లేదు, అదే నాకు బరువు. కుడి చెయ్యి పోయినా పోటు పోలేదు, ఇంకొకసారి దెబ్బ తగలకుండా అతనికి రోజూ గోలీ కావాలి. కమిటీవారు ఒప్పుకుంటే, మన కొత్త పుస్తకంలో మొదటి పేజీ మీద అతని పేరు నేనే రాస్తాను. వచ్చే నెల మొదటి ఆదివారం కుర్చీ తోసుకుని నేనే తీసుకువస్తాను.